టీచర్‌కి ఇంకో షీల్డ్ వద్దు

సెప్టెంబర్ 5 దగ్గర పడుతోందంటే మా టెన్త్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒకటే మెసేజ్: "తలా వంద వేయండ్రా." పోయినేడాది ఆ డబ్బుతో లెక్కల మేడమ్‌కి శాలువా, పేరు చెక్కించిన షీల్డ్ ఇచ్చాం. సంక్రాంతికి వాళ్లింటికి వెళ్తే, అటక మీద అలాంటి షీల్డులే పేపర్లో చుట్టి పదిహేను దాకా ఉన్నాయి. "పేరుంది కదా నాన్నా, ఎవరికీ ఇవ్వలేను, పారేయలేను" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, నాకు తల కొట్టేసినట్టయింది.

ఈసారి మేడమ్‌ని అడగలేదు. అడిగితే "ఏమీ వద్దు" అంటారు. అదే స్కూల్లో చదివే మా చెల్లిని అడిగాను. బోర్డు మీద గీసే చెక్క కంపాస్ కాలు విరిగితే దారం కట్టి వాడుతున్నారట. నాలుగో పీరియడ్‌కల్లా గొంతు పోతోందట. ఇంకేం, బోర్డు జామెట్రీ సెట్టు, వేణ్నీళ్లకి స్టీలు ఫ్లాస్కు కొన్నాం. పేర్లు చెక్కించలేదు.

ఖరీదైనవి మాత్రం వద్దు. మీ తమ్ముడో చెల్లో ఇంకా ఆ క్లాసులోనే ఉంటే అసలే వద్దు, పేపర్లు దిద్దేవాళ్లని ఇబ్బంది పెట్టినట్టవుతుంది. అందుకే మేం బ్యాచ్ తరఫునే ఇస్తున్నాం.

వాటితో పాటు తలా ఒక ఉత్తరం. "మీరే మా స్ఫూర్తి" అని రాస్తే అది ఏ టీచర్‌కైనా సరిపోతుంది. త్రికోణమితిలో నాకు 50కి 11 వచ్చిన రోజు, ఆ పేపరు ఎవరికీ చూపించకుండా, లంచ్ టైములో నా పక్కన కూర్చుని మళ్లీ మొదటినుంచి చెప్పారు. నేను అదే రాశాను. చేత్తోనే రాయండి. దస్తూరి బాగోలేకపోయినా పర్లేదు, వాళ్లకి అలవాటే.