శిబిరానికి పిల్లల్ని పంపే ముందు: అపోహలు – వాస్తవాలు

విశాఖలో కంబాలకొండలోనో, అరకు వైపో రెండు మూడు రోజులు బస చేసి ప్రకృతి పాఠాలు నేర్చుకునే శిబిరం ఉందని స్కూలు నుంచి చీటీ రాగానే ఇంట్లో మొదలయ్యేది బిస్కెట్ ప్యాకెట్ల లెక్కే. బ్యాగు సర్దడానికి ఒక సాయంత్రం చాలు. పిల్లల అలవాట్లు కుదరడానికి రెండు వారాలైనా కావాలి.

అపోహ: అది పిక్నిక్కే కదా, చదువు పోతుంది.

వాస్తవం: పర్యావరణం పాఠ్యాంశంగా ఉండాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. ఊరి పక్కనే కంబాలకొండలాంటి దాదాపు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం పెట్టుకుని ఆ పాఠాన్ని నాలుగు గోడల మధ్య బట్టీ పట్టించడం అన్యాయం.

అపోహ: పాము కరిస్తే పైన తాడు బిగించి, గాటు పెట్టి రక్తం పీల్చేస్తే విషం దిగిపోతుంది.

వాస్తవం: దిగదు. బిగించిన తాడు వల్ల రక్తం ఆడక ఆ కాలికో చేతికో ముప్పు. గాటు వల్ల రక్తస్రావం, చీము. కరిచిన చోటు కదలనీయకుండా, ఉంగరాలు, పట్టీలు తీసేసి, పిల్లవాణ్ణి నడిపించకుండా యాంటీవీనమ్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. విశాఖ నగరంలో కేజీహెచ్ ఆసుపత్రి ఉంది. అరకు ఏజెన్సీ వైపు వెళ్తుంటే, దగ్గర్లో ఆ మందు ఎక్కడుందో టీచర్లు బయల్దేరక ముందే కనుక్కోవాలి.

బస చేసేచోట నన్ను ఎక్కువ భయపెట్టేది కట్లపాము. రాత్రిళ్లు తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలోనే కాటేస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, కాటు గుర్తు కనబడకపోవచ్చు. తెల్లవారుజామున పిల్లవాడు కడుపునొప్పి అంటూ లేచి, కనురెప్పలు వాలిపోతుంటే, రాత్రి తిండి పడలేదని సోడా పట్టిస్తూ కూర్చోకూడదు. వెంటనే బండి తీయాలి. అందుకే ఇంట్లోనే నేర్పండి: దోమతెర అంచులు పరుపు కిందకి దోపుకోవడం, రాత్రి లేస్తే టార్చి వేశాకే కాలు కింద పెట్టడం, పొద్దున్నే బూట్లు దులుపుకోవడం. రెండు వారాలు చేస్తే చెయ్యి దానంతటదే పోతుంది.

అపోహ: తాబేలు పిల్లల్ని చేత్తో ఎత్తి నీళ్లలో వదిలితే పుణ్యం.

వాస్తవం: ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుడ్లలోంచి బయటికొచ్చిన పిల్లలు వెలుతురు కనబడే వైపు పాకుతాయి. చీకటి తీరంలో ఆ వెలుతురు సముద్రం మీదే ఉంటుంది. ఇక్కడేమో రోడ్డు దీపాలు, మన ఫోన్లు. ఇసుక మీద వాటంతట అవి నడవాలి, మనం దూరంగా నిలబడాలి. దీపం ఆర్పేసి పావుగంట మాట్లాడకుండా కూర్చోవడం పిల్లలకు ముందే అలవాటు చేయాలి. పెద్దలకు ఇది ఇంకా కష్టం.

అపోహ: భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు ఎర్రగా ఉన్నది ఇనుప ఖనిజం దుమ్ము వల్లే.

వాస్తవం: పోర్టు, స్టీల్ ప్లాంటు ఉన్న ఊరి పిల్లలకు ఆ ఊహ రావడం సహజమే. కానీ అవి వేల ఏళ్లుగా సముద్రమట్టం తగ్గుతూ పెరుగుతూ ఉండగా గాలి, నీరు పేర్చిన ఇసుక. రేణువుల మీద ఇనుము ఆక్సీకరణం చెంది పట్టిన పూతే ఆ ఎరుపు. యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలోకి 2025లో చేరాయి. వాటి అంచులెక్కి సెల్ఫీ దిగితే మట్టి విరిగిపడుతుంది.

అపోహ: నెలసరి రోజుల్లో ఆడపిల్లల్ని పంపకూడదు.

వాస్తవం: ఏ అడ్డూ లేదు. ప్యాడ్లు, వాడినవి వెనక్కి తెచ్చుకోవడానికి కాగితం, మూత గట్టిగా పడే సంచీ చాలు.

అపోహ: ఆస్తమా ఉందని చెబితే స్కూలువాళ్లు వద్దంటారు, దాచేయడమే మేలు.

వాస్తవం: దాచడమే ప్రమాదం. ఇన్‌హేలర్ టీచరు పెట్టెలో తాళం వేసి కాదు, పిల్లవాడి సొంత సంచీలో పైజేబులో ఉండాలి. ఎలా పీల్చుకుంటాడో బయల్దేరే ముందు వాడి చేతే టీచరుకు ఒకసారి చేసి చూపించమనండి.