మీకు తెలుసా? గోల్‌పోస్టుకు నీడ లేని రోజు

మే మొదటి వారంలో ఒకరోజు, మధ్యాహ్నం పన్నెండు దాటి పది నిమిషాలయ్యే వేళకు, దొనకొండలో నిలువుగా పాతిన గోల్‌పోస్టుకు నీడ ఉండదు. పైనున్న అడ్డకర్ర నీడ సరిగ్గా గోల్ లైన్ మీదే పడుతుంది. ఊరు సుమారు 15.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి సూర్యుడు ఏడాదికి రెండుసార్లు నడినెత్తికి వస్తాడు. రెండోసారి ఆగస్టు పదో తేదీకి అటూ ఇటూ. మార్కాపురం, గిద్దలూరు వాళ్లకూ ఒకటి రెండు రోజుల తేడాతో ఇదే లెక్క.

వేసవి శిబిరంలో పిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్‌ని ఫొటో తీద్దామని వెళ్లినవాళ్లకు ఇది శుభవార్తేమీ కాదు. నెత్తిన సూర్యుడుంటే నుదురు మెరుస్తుంది, కళ్లు గుంటల్లోకి పోతాయి. టోపీ పెట్టుకున్న గోల్‌కీపర్‌కైతే మొహమే ఉండదు. అదే డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 51 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. వెలుగు పక్కనుంచి పడుతుంది, మొహాలు కనబడతాయి. మే నెలలోనే తీయాల్సి వస్తే పొద్దున ఎనిమిదిలోపు, లేదంటే సాయంత్రం అయిదు తర్వాత. పిల్లల ఆరోగ్యానికీ ఆ వేళలే మంచివి కదా!

గ్రౌండ్‌కి దిక్కులుంటాయి

ఫుట్‌బాల్ మైదానాన్ని వీలైనంత వరకు ఉత్తర దక్షిణాలుగా పొడవుండేలా వేస్తారు. వాస్తు కోసం కాదు. తూర్పు పడమరలుగా వేస్తే సాయంత్రం మ్యాచ్‌లో ఒక గోల్‌కీపర్ కళ్లలో ఎండ కొడుతూనే ఉంటుంది. ఈ ఏర్పాటు మనకు కలిసొస్తుంది. పొద్దున తూర్పు గీత పక్కన, సాయంత్రం పడమటి గీత పక్కన నిలబడితే ఎండ మన వీపున ఉండి ఆటగాళ్ల మొహాన పడుతుంది. మన బడి గ్రౌండ్లన్నీ ఈ లెక్కన ఉండవు. ఖాళీ జాగా ఎటుంటే అటే గోల్‌పోస్టులు. కాబట్టి మ్యాచ్‌కి పది నిమిషాలు ముందే వెళ్లి పొద్దు ఎటు వాలుతోందో చూసుకోండి.

ఇంకొక కిటుకు: గోల్ వెనక, స్తంభానికి కాస్త పక్కగా కూర్చోవాలి. పెద్ద పోటీల్లో పత్రికల ఫొటోగ్రాఫర్లు అక్కడే ఎందుకు బారులు తీరతారంటే, దాడికి వచ్చే ఆటగాడి మొహం అటువైపే ఉంటుంది. గీత పక్కన నడిమధ్య నిలబడితే దక్కేవి వీపులూ, చెవులూ. మోకాలి మీద కూర్చోవడం మరీ మంచిది. పెద్దవాళ్లు నిలబడి తీస్తే పన్నెండేళ్ల పిల్లవాడి వెనక మట్టి తప్ప ఏమీ రాదు. కూర్చుంటే వాడి వెనక ఆకాశం వస్తుంది, చూసే జనం వస్తారు, గిద్దలూరు వైపైతే నల్లమల కొండల వరుస కూడా రావచ్చు.

దుమ్ము మన సొత్తు

ఎండ వీపున ఉండాలని ఇప్పుడే చెప్పాను. ఆ మాటను సాయంత్రం చివరి అరగంటలో పక్కన పెట్టేయండి.

ఎదుట సూర్యుడుంటే దుమ్ము వెలుగుతుంది, వెనకనుంటే అదే దుమ్ము దాదాపు కనబడదు. ఎందుకో తెలుసా? గాల్లో తేలే సన్నని రేణువులు తమ మీద పడిన వెలుగులో ఎక్కువ భాగాన్ని అది పోతున్న దిక్కుకే చెదరగొడతాయి. వెనక్కి తిప్పేది తక్కువ. అందుకే సూర్యుడికి ఎదురుగా నిలబడి తీసినప్పుడు, బంతి కోసం జారిన పిల్లవాడి చుట్టూ లేచిన మట్టి పొర బంగారు రంగులో వస్తుంది. వాడి జుట్టు అంచూ, భుజం అంచూ గీత గీసినట్టు మెరుస్తాయి. మొహం చీకటైపోతుందే అంటారా? పోనివ్వండి. ఆ ఒక్క ఫొటోలో మొహం అక్కర్లేదు. ఫోన్ తెర మీద ఆకాశం ఉన్న చోట వేలితో తాకితే వెలుగు తగ్గి ఆకారాలు తేలతాయి.

పచ్చిక మైదానాల్లో తీసేవాళ్లకు ఈ భాగ్యం లేదు. వానలు తక్కువైన మన పడమటి ప్రకాశం ప్రాంతంలో పచ్చిక గ్రౌండ్ లేదని బాధపడేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆడే పిల్లల మోకాళ్ల కోసం ఆ బాధ న్యాయమే, ఫొటో కోసం మాత్రం కాదు.

అయితే ఇదే దుమ్ము కెమెరాకు శత్రువు. మైదానంలో లెన్సు మార్చకండి. లెన్సు మీద మట్టి పడితే ముందు గాలితో ఊది, తర్వాతే మెత్తటి గుడ్డతో తుడవాలి. నేరుగా చొక్కా కొసతో రుద్దితే ఇసుక రేణువే గీత పెడుతుంది. మరో సంగతి, చాలా కెమెరాల పుస్తకాల్లో అవి పనిచేసే వేడి 0 నుంచి 40 డిగ్రీలని రాసి ఉంటుంది. మన మే నెల ఆ గీతను ఇట్టే దాటుతుంది. ఆట విరామంలో కెమెరానూ నీడలో పెట్టండి.

సెకనులో వెయ్యో వంతు

బాగా తన్నిన బంతి సెకనుకు 15 మీటర్లు పోతుందనుకుందాం. షట్టర్ సెకనులో 60వ వంతు తెరిచి ఉంటే, ఆ లోపలే బంతి 25 సెంటీమీటర్లు కదులుతుంది. పెద్ద బంతి అడ్డకొలతే సుమారు 22 సెంటీమీటర్లు. అంటే బంతి తనకంటే ఎక్కువ దూరం జరిగిపోయింది, ఫొటోలో మిగిలేది ఒక తెల్ల చార. అదే వెయ్యో వంతు పెడితే కదలిక ఒకటిన్నర సెంటీమీటర్లే. పరుగెత్తే పిల్లవాడైతే అర సెంటీమీటరు.

అంత వేగానికి వెలుగు సరిపోతుందా? మన ఎండకు ఢోకా లేదు. రీలు కెమెరాల కాలం నుంచి ఫొటోగ్రాఫర్లకు ఒక నోటిలెక్క ఉంది: మబ్బు లేని ఎండలో లెన్సు రంధ్రం ఎఫ్/16 దగ్గర ఉండి, వెలుగును పట్టే శక్తి (ఐఎస్‌ఓ) 100 అయితే షట్టర్ 1/100. అక్కణ్నించి ఎఫ్/5.6కు తెరిస్తే 1/800. ఐఎస్‌ఓ 200 చేస్తే 1/1600. ఖరీదైన లెన్సు లేకపోయినా పగటి మ్యాచ్‌కి ఇది చాలు. ఫోన్‌లో అయితే ప్రో మోడ్ ఉందేమో చూడండి. లేకపోతే స్పోర్ట్స్ లేదా యాక్షన్ అని రాసి ఉన్న చోట నొక్కండి.

పరుగులో ఉన్న దేహాన్ని కాగితం మీద ఆపడం ఎంత పెద్ద విషయమో ఇప్పుడు మనకు తోచదు. గుర్రం దౌడు తీసేటప్పుడు నాలుగు కాళ్లూ ఒకేసారి నేల విడుస్తాయా లేదా అన్నది 19వ శతాబ్దంలో పెద్ద వాదం. 1878లో కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరసగా కెమెరాలు పెట్టి, విడుస్తాయని చూపించాడు. మీ ఫోన్ బరస్ట్ మోడ్ చేసేది ఆ పనే. కాకపోతే మీట నొక్కి పట్టుకుని కూర్చుంటే ఇంటికెళ్లాక రెండు వేల ఫొటోలు, ఏరే ఓపిక ఉండదు. బంతి కాలిని తాకడానికి ముందు క్షణంలో నొక్కి, తాకిన వెంటనే వదిలేయండి.

ఫోన్‌లో గుండ్రటి బంతి ఒక్కోసారి కోడిగుడ్డులా సాగి వస్తుంది. ఫోన్ బాగాలేక కాదు. చాలా ఫోన్ల సెన్సరు దృశ్యాన్ని ఒకేసారి కాక, వరస తర్వాత వరసగా చదువుతుంది. ఆ కాస్త వ్యవధిలో బంతి జరిగిపోతుంది.

బంతికి నల్ల మచ్చలు ఎందుకు?

టీవీ కోసం! 1970 మెక్సికో ప్రపంచకప్‌కి అడిడాస్ చేసిన టెల్‌స్టార్ బంతిలో 20 తెల్ల షట్కోణాలు, 12 నల్ల పంచకోణాలు. నలుపు తెలుపు తెర మీద స్పష్టంగా కనబడాలని అలా చేశారు. కెమెరా ఆటోఫోకస్ వెతికేదీ ఆ నలుపు తెలుపుల తేడానే. అందుకని మట్టి రంగుకు తిరిగిన పాత బంతి మీద ఫోకస్ తడబడితే ఆశ్చర్యపోకండి. బంతిని వదిలి ఆటగాడి చొక్కా అంకె మీద పెట్టండి.

ఉత్త కాళ్లూ చరిత్రే

1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో ఆడిన భారత జట్టులో ఎక్కువమంది బూట్లు లేకుండా ఆడారు. 2-1తో ఓడారు గానీ ఆ కాళ్ల కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. మన మండల పోటీల్లో కూడా బూట్లున్నవాళ్లూ లేనివాళ్లూ కలిసే ఆడతారు. ఫొటోలో కాళ్లను కోసేయకండి. ఫుట్‌బాల్ ఫొటోలో పాదం లేకపోతే ఇంకేముంటుంది?

తెలుగు నేల మీద ఫుట్‌బాల్ చరిత్ర చిన్నదేమీ కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టును తీర్చిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. ఆయన శిక్షణలోనే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వెళ్లింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. హైదరాబాద్‌లో దూరదర్శన్ మొదలైంది 1977లో. అంటే ఇవేవీ మనవాళ్లు ఇంట్లో టీవీలో చూసినవి కావు, పత్రికలో ఫొటో చూసి తెలుసుకున్నవి. ఇవాళ దొనకొండలోనో, పొదిలిలోనో పిల్లలు ఆడే మ్యాచ్‌కీ టీవీ రాదు. గీత పక్కన ఫోన్ పట్టుకున్న మీరే దానికి పత్రిక.

చామనఛాయకు చోటివ్వని రీలు

కోడాక్ కంపెనీ ప్రింటింగ్ ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి షర్లీ కార్డు అని ఒకటి వాడేవారు. దాని మీద దశాబ్దాల పాటు తెల్ల చర్మపు అమ్మాయి ఫొటోయే ఉండేది. రంగులన్నీ ఆమె చర్మానికి తగ్గట్టు సరిచేసేవారు. నల్లటి మొహాలు మసకబారడానికి అదీ ఒక కారణం. ఇప్పటి ఫోన్లది వేరే తిక్క: అడక్కుండానే మొహాన్ని తెల్లబరుస్తాయి. బ్యూటీ మోడ్ తీసేయండి. ఎండలో ఆడిన పిల్ల ఎండలో ఆడినట్టే ఉండాలి.

డ్రోన్ ఉంది కదాని

దొనకొండలో బ్రిటిష్ కాలం నాటి విమానాల మైదానం ఉన్న సంగతి ఇక్కడివాళ్లకు కొత్త కాదు. పెళ్లిళ్ల డ్రోన్‌ని మ్యాచ్ మీదికి ఎగరేసే ముందు మాత్రం ప్రభుత్వపు డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ చోటు ఏ రంగులో ఉందో చూసుకోండి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఆకుపచ్చ ప్రాంతంలో 120 మీటర్ల ఎత్తు వరకు ఎగరేయవచ్చు. 250 గ్రాములు మించని నానో డ్రోన్ నడపడానికి పైలట్ లైసెన్సు అక్కర్లేదు. అయినా ఆడుతున్న పిల్లల నెత్తిన దాన్ని తిప్పడం నాకు నచ్చదు. అందరూ బంతిని వదిలి పైకే చూస్తారు.

ఫొటో ఎవరిది?

భారత కాపీరైట్ చట్టం ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. స్టూడియోవాళ్లు కాదు. జట్టు ఫొటో తీయించే బడులు ఇది గుర్తుంచుకోవాలి.

పిల్లల విషయంలో ఇంకో జాగ్రత్త. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు అందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. ఇంటి అవసరానికి తీసుకునే ఫొటోకి ఆ చట్టం అడ్డు రాదు. అయినా ఊరందరికీ పంచే ముందు అమ్మానాన్ననో, పీఈటీ సారునో అడగడం మర్యాద. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫొటో లోపలే జీపీఎస్ అంకెలు దాగి ఉంటాయి. పిల్ల మొహం, బడి పేరు, అది ఉన్న చోటు మూడూ కలిపి తెలియనివాళ్ల చేతిలో పెట్టకండి. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేస్తే సరి.

చివరికి కాగితం

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది. కానీ బూట్లే లేని పిల్లవాడికి ఫోన్ ఎక్కడిది? వాడికి కాగితం మీదే ఇవ్వాలి. 4×6 అంగుళాల ఫొటో శుభ్రంగా అచ్చు కావడానికి 1200×1800 చుక్కలు చాలు. అది 22 లక్షల పిక్సెల్స్ కంటే తక్కువే, ఇప్పుడు చౌక ఫోన్ కూడా దీనికి ఎన్నో రెట్లు తీస్తుంది. ఈసారి మండల పోటీలు అయ్యాక మంచివి పది ఏరి, ప్రింట్లు వేయించి, వెనక పేరు, తరగతి, తేదీ రాసి బడిలో ఇచ్చి రండి. ఆడే అవకాశం రాక బెంచీ మీదే కూర్చున్న పిల్లవాడి ఫొటో కూడా ఆ పదిలో ఉండేలా చూడండి.