రెపో దిగినా దిగని కిస్తీలు

మునగాల: రిజర్వు బ్యాంకు రెపో రేటు 2025లో నాలుగు విడతలుగా 6.50 నుంచి 5.25 శాతానికి దిగింది. పాత గృహ రుణాలన్నిటికీ ఆ తగ్గుదల అందలేదు. 2019 అక్టోబరు తరువాత బ్యాంకులిచ్చిన ఫ్లోటింగు రుణాలకు మూడు నెలలకొకసారైనా సవరణ తప్పదు; అంతకుముందు తీసుకున్నవారు అడిగి మార్పించుకోవలసిందే. మిర్యాలగూడ ధాన్యం ధర సాయంత్రానికి ఇక్కడికి చేరుతుంది గాని, ఈ కబురు తనంతట రాదు.

20 లక్షల బాకీ, 15 ఏళ్ల గడువుపై వడ్డీ 9 శాతం నుంచి 8కి దిగితే నెల కిస్తీ రూ. 20,285 నుంచి రూ. 19,113 అవుతుంది. పాత కిస్తీనే కడితే ఏడాదిన్నరకు పైగా ముందే తీరుతుంది.

బ్యాంకు మారేవారు ప్రాసెసింగు రుసుము, వకీలు ఖర్చు, స్టాంపు కలిపి లెక్క చూడాలి. వ్యక్తుల ఫ్లోటింగు గృహ రుణం ముందే తీర్చినా పాత బ్యాంకు అపరాధ రుసుము వేయరాదు. కనుక తొలి బేరం అక్కడే ఆడవచ్చు.