దుబాయి ఎంత దూరం?

పత్తర్‌గట్టి రాతి కమానుల క్రింది దుకాణాలలో అత్తరు, బట్టలు కొని గల్ఫ్ ప్రయాణానికి పెట్టె సర్దుకొనేవారిని మనము చూస్తూనే ఉంటాము. అక్కడినుండి శంషాబాద్ విమానాశ్రయం సుమారు 20 కిలోమీటర్లు. శంషాబాద్ నుండి దుబాయికి ఆకాశమార్గాన దాదాపు 2,550 కిలోమీటర్లు, సుమారు నాలుగు గంటల ప్రయాణం. ఉదయం 10 గంటలకు బయలుదేరితే అక్కడ 12.30కే దిగినట్లు టిక్కెట్టులో కనబడుతుంది. కారణం, దుబాయి గడియారం మనకంటే గంటన్నర వెనుక నడుస్తుంది. తిరుగు ప్రయాణంలో ఎత్తున వీచే పడమటి గాలులు తోడై విమానం కొంత త్వరగా వస్తుంది.

అయితే ఇంట్లో మిగిలినవారికి ఈ లెక్క సరిపోదు. మనము రాత్రి 8 గంటలకు కుటుంబ ప్రార్థనకు కూర్చుంటే అక్కడ తండ్రికి 6.30, ఇంకా పనినుండి తిరిగి రాకపోవచ్చు. 9 గంటలకు కూర్చుంటే ఆయన కూడా ఫోనులో కలిసి ప్రార్థించగలడు. పిల్లలు నాన్న స్వరం విని నిద్రపోతారు.

యాకోబును సాగనంపుతూ లాబాను, మనము ఒకరికొకరము కనబడని కాలమందు దేవుడే కావలి ఉండాలని కోరాడు (ఆది. 31:49). దూరాన్ని మనము తగ్గించలేము. ప్రార్థన వేళను మాత్రం జరుపుకోగలము. ఈ రాత్రే జరుపుకుందాము.