ఖాళీ సంపు ఎందుకు తేలింది?

2021 నవంబరు చివరి వారంలో తిరుపతి ఎం.ఆర్.పల్లి దగ్గర శ్రీకృష్ణనగర్‌లో, ఓ ఇంటి ఆవరణలో భూమిలో పాతిన నీళ్ల తొట్టి (సంపు) పైకి లేచింది. ఒకావిడ లోపలికి దిగి కడుగుతుండగానే సిమెంటు ఒరలు కదిలాయి, నేల దాటి మనిషికంటే ఎత్తుకు వచ్చేశాయి. ఆమెకు ప్రాణాపాయం తప్పింది. చూడ్డానికి వచ్చిన జనం వింత అనుకున్నారు. నిజానికి అది మామూలు లెక్కకు అందే సంగతే.

అంతకు వారం ముందు, 18, 19 తేదీల్లో శేషాచలం కొండల మీద కుండపోత పడింది. కపిలతీర్థం పొంగింది, రాయలచెరువు కట్ట కారుతోందని దిగువ పల్లెలను ఖాళీ చేయించారు. తర్వాత వీధుల్లో నీళ్లు తీశాయి. నేలలో ఊట మాత్రం అంత తొందరగా దిగదు. సరిగ్గా అప్పుడే అందరం బురద నీళ్లు తోడేసి సంపు కడగాలని చూస్తాం.

మన ఇళ్లలో ఉండేలాంటి ఒరల సంపు ఒకటి తీసుకుందాం. లోపలి వెడల్పు 4 అడుగులు, ఒర మందం 2 అంగుళాలు, లోతు 10 అడుగులు. అది భూమిలో ఆక్రమించే చోటు సుమారు 147 ఘనపుటడుగులు, అంటే దాదాపు 4,170 లీటర్లు. చుట్టూ ఊట నేలమట్టానికి చేరితే, ఆ చోటులో పట్టే నీటి బరువంత, అంటే 4,170 కిలోల బలం దాన్ని కిందినుంచి ఎత్తుతుంది. ఒరలు, అడుగు కాంక్రీటు కలిపినా బరువు 1,800 కిలోల దగ్గరే. మట్టి పట్టు కొంత ఆపుతుంది గానీ నానిన మట్టిని నమ్ముకోలేం. ఊట సగం లోతు దాకా ఉన్నా ఎత్తే బలం 2,085 కిలోలు, అప్పటికే తొట్టి బరువును మించిపోయింది.

లోపల ఒక్కో అడుగు నీరు 355 కిలోల బరువు. 7 అడుగులుంటే చాలు, తొట్టి కదలదు. కాబట్టి ముసురు పట్టినప్పుడు సంపు నిండుగా ఉంచండి. మురికి నీరు చేరినా తోడేయకండి, 7 అడుగులకు తగ్గకుండా చూసుకుంటూ దాన్ని మరుగుదొడ్డికి వాడుకోండి. తాగడానికి మనిషికి రోజుకు 3 లీటర్లు వేసుకున్నా, నలుగురికి మూడు రోజులకు 36 లీటర్లు. రెండు 20 లీటర్ల క్యాన్లు ముందే తెచ్చిపెట్టుకుంటే సరిపోతుంది.

ఊట ఎంత లోతులో ఉందో తెలుసుకునే ఏర్పాటు వేసవిలో మీరే చేసుకోవచ్చు. సంపు అడుగుకంటే కిందికి దిగేంత పొడవున్న పీవీసీ పైపు తీసుకుని, కింది 3 అడుగులకు రంధ్రాలు వేసి దోమతెర చుట్టండి. సంపు పక్కన గుంత తవ్వించి నిలబెట్టి, చుట్టూ కంకర పోసి, పైన మూత బిగించండి. గుర్తులు పెట్టిన తాడుకు బరువు కట్టి దించితే ఊట మట్టం తెలుస్తుంది. అది సంపు అడుగుకంటే కిందికి దిగాకే ఖాళీ చేయండి. లోపలికి దిగేముందు మోటారు మెయిన్ ఆపండి, మూత చాలాసేపు తెరిచి ఉంచండి, పైన ఒకరిని కాపలా పెట్టండి.

కడిగాక మంచినీళ్లు నింపి, 1,000 లీటర్లకు 2.5 గ్రాముల లెక్కన బ్లీచింగ్ పౌడర్ వేయాలి. మన సంపుకు దాదాపు 9 గ్రాములు. పౌడర్‌ను బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైన తేరిన నీటినే పోయండి. గంట ఆగి వాడుకోండి.