కప్ప చర్మంలో దొరికిన కేడెము

షుగరు వల్ల కాలి పుండు మానక మా డ్రెస్సింగు గదికి వచ్చేవారు తరచుగా అడిగే మాట ఒకటుంది: "డాక్టరమ్మా, ఇంతకన్నా గట్టి మందు లేదా?" చాలాసార్లు మేము తడుముకుంటాం. గట్టి మందులు వాడేకొద్దీ వాటికి లొంగని క్రిములు పెరుగుతున్నాయి మరి. అందుకే ఈసారి ఒక కప్ప సంగతి చెప్పాలనుకున్నాం.

1980లలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో మైకేల్ జాస్లాఫ్ అనే శాస్త్రవేత్త తన పరిశోధనకు ఆఫ్రికా కప్పల నుంచి గుడ్లు తీసేవారు. పొట్ట కోసి, కుట్లు వేసి, తిరిగి తొట్టిలో వదిలేసేవారు. ఆ నీళ్ళు శుభ్రమైనవేమీ కావు. (మన దగ్గరైతే కుట్లు తడిస్తే ఎంత గోల!) అయినా కప్పల గాయాలకు చీము పట్టలేదు, చక్కగా మానిపోయాయి. ఆశ్చర్యపోయి ఆయన కప్ప చర్మాన్ని పరీక్షించారు. క్రిములను చంపే రెండు పదార్థాలు దొరికాయి. 1987లో వాటిని ప్రకటిస్తూ మాగైనిన్లు అని పేరు పెట్టారు. హీబ్రూలో 'మాగేన్' అంటే డాలు. కీర్తనల గ్రంథంలో మనం చదివే కేడెము అదే.

మాంసకృత్తులు అమైనో ఆమ్లాలనే పూసలతో గుచ్చిన పొడవాటి దండలు. దండ పొట్టిదైతే పెప్టైడు అంటారు. మాగైనిన్‌లో 23 పూసలే ఉన్నాయి. దానికి ధన విద్యుదావేశం, బాక్టీరియా పైపొరకు ఋణావేశం. తల దువ్విన దువ్వెనకు కాగితం ముక్కలు అంటుకున్నట్టు ఇది వెళ్ళి ఆ పొరకు అంటుకుంటుంది. పొరకు చిల్లులు పడి క్రిమి చస్తుంది. మన కణాల పైపొరకు బయటివైపు అంత ఆవేశం ఉండదు, పైగా కొలెస్ట్రాల్ దాన్ని గట్టిగా ఉంచుతుంది. ఎప్పుడూ తిట్లు తినే కొలెస్ట్రాల్‌కు ఇక్కడ మంచిపేరే!

మన ఒంట్లోనూ ఇలాంటివి ఉన్నాయి. చెమటలో ఉండే డెర్మ్‌సిడిన్ 2001లో బయటపడింది. హైదరాబాదు సి.సి.ఎం.బి.లో కూడా ఈ పెప్టైడ్ల మీద ఏళ్ళ తరబడి పరిశోధనలు జరిగాయి.

మరి మందు ఏదీ అంటారా? మాగైనిన్‌ను కొంత మార్చి, సరిగ్గా షుగరు కాలి పుండ్లకే పెక్సిగానన్ అనే పూతమందు తయారుచేశారు. ఉన్న మందులకన్నా మెరుగని రుజువు కాలేదంటూ 1999లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇవ్వలేదు. మళ్ళీ ప్రయత్నించారు. 2016లో వచ్చిన ఫలితాల్లో, మందు కలపని ఉత్త పూతకన్నా కూడా అది మెరుగనిపించలేదు. ఒంట్లోని ఎంజైములు పెప్టైడ్లను త్వరగా ముక్కలు చేసేస్తాయి, తయారీ ఖర్చూ ఎక్కువే.

పెప్టైడ్లన్నీ ఓడిపోలేదు. ఐ.సి.యు.లో చివరి ఆయుధంగా వాడే కొలిస్టిన్ ఆ జాతిదే. అది మూత్రపిండాలను దెబ్బతీయగలదు కాబట్టి జాగ్రత్తగా ఇస్తారు. దానికీ లొంగని జన్యువు ఒక క్రిమి నుంచి మరో క్రిమికి పాకుతోందని 2015లో చైనా నుంచి వార్త వచ్చింది. కోళ్ళకు, పశువులకు దాన్ని వాడకుండా మన ప్రభుత్వం 2019లో నిషేధించింది.

2016 నాటి పరీక్షల్లో ఒక సంగతి మాకు నచ్చింది. పెక్సిగానన్ పూసినవారికీ, ఉత్త పూత పూసినవారికీ పుండు కడగడం, కట్టు కట్టడం మామూలుగానే జరిగాయి. మా డ్రెస్సింగు గదిలో రోజూ జరిగేదీ అదే. కాబట్టి కట్టు మార్పించుకునే రోజు తప్పించకండి, ఆ కాలి మీద బరువు మోపకండి.