ఒరగల్లుకు అందని బంగారం

పత్తికొండ : నగ కొనేవారు ఒరగల్లు మీద గీయించి చూడనిదే డబ్బు చేతికివ్వరు. మరి బంగారు గనికి డబ్బు పెట్టేవారు దేనిమీద గీయించి చూడాలి? తుగ్గలి మండలం జొన్నగిరి, ఎర్రగుడి, పగిడిరాయి పరిసరాల వారికి ఇది పరాయి ప్రశ్న కాదు. కోలారు, రామగిరి గనులను భారత్ గోల్డ్ మైన్స్ నడిపిన రోజుల్లో లాభనష్టాలు ప్రభుత్వానివి. జొన్నగిరిలో గని చేపట్టింది ప్రైవేటు రంగం. ఇటువంటి చోట షేర్లు కొన్న సామాన్యుడి సొమ్ము కూడా రాతిలోకే వెళుతుంది.

కంటికి కనబడదు

టన్ను రాతిలో రెండు మూడు గ్రాముల బంగారం ఉన్నా గనికి గిట్టుబాటు కావచ్చు. అంత తక్కువ బంగారం కంటికి ఆనదు. అందుకే బోరు వేసి రాతి కడ్డీలు తీస్తారు. వాటిని పొడి చేసి, సీసపు భస్మంతో కలిపి మూసలో కరిగిస్తారు. కరిగిన సీసం బంగారాన్ని తనలో కలుపుకుంటుంది. తర్వాత సీసాన్ని తొలగిస్తే చిన్న పూస మిగులుతుంది. ఆ పూసను తూచి లెక్క కడతారు.

చిక్కంతా పరీక్షకు ముందే ఉంది. ఐదు కిలోల సంచిలో 15 మిల్లీగ్రాముల బంగారు పొడి చల్లితే చాలు, టన్నుకు 3 గ్రాములున్నట్లు లెక్క తేలుతుంది. లేబొరేటరీ వారి తూకంలో తప్పుండదు. తప్పంతా సంచిలోనే!

బుసాంగ్‌లో జరిగింది

ఇండోనేషియాలోని బోర్నియో అడవిలో బుసాంగ్ అనే చోట సరిగ్గా ఇదే జరిగింది. అక్కడ 7 కోట్ల ఔన్సుల బంగారం, అంటే సుమారు 2,170 టన్నులు ఉన్నట్లు కెనడాకు చెందిన బ్రె-ఎక్స్ కంపెనీ 1997లో ప్రకటించింది. అప్పటికే కంపెనీ షేర్ల విలువ 600 కోట్ల కెనడా డాలర్ల దాకా ఎగబాకింది. ఉపాధ్యాయుల పింఛను నిధి మొదలు సెయింట్ పాల్ అనే చిన్న పట్టణంలోని మామూలు కుటుంబాల వరకూ ఎందరో ఆ షేర్లు కొన్నారు.

భాగస్వామిగా రానున్న ఫ్రీపోర్ట్ కంపెనీ పాత బోర్ల పక్కనే తన సొంత బోర్లు వేసి చూసింది. చెప్పుకోదగ్గ బంగారమే లేదు! ఆ సంగతి 1997 మార్చి 26న బయటపడింది. అంతకు వారం ముందే బుసాంగ్ పనులు చూస్తున్న భూగర్భ శాస్త్రవేత్త మైఖేల్ డి గుజ్‌మన్ హెలికాప్టర్ నుంచి పడి మరణించాడు. నమూనాల్లో బయటి బంగారం కలిపారని మే నెలలో స్వతంత్ర నిపుణులు తేల్చారు. సంచుల్లోని రేణువులు ఏటి ఇసుకలో దొర్లి నునుపు దేరిన బంగారపు రేణువుల్లా ఉండటం గమనార్హం. షేర్లు చిత్తు కాగితాలయ్యాయి. జైలుకు వెళ్ళినవారు మాత్రం ఒక్కరూ లేరు.

మిగిలిన సగం ఏదీ?

గనుల వారి ఆనవాయితీ ప్రకారం రాతి కడ్డీని నిలువునా రెండుగా కోస్తారు. సగం పరీక్షకు పోతుంది, సగం పెట్టెలో భద్రంగా ఉంటుంది. అనుమానం వస్తే ఆ సగాన్ని మరో లేబొరేటరీకి పంపవచ్చు. బుసాంగ్‌లో కడ్డీని దాదాపు పూర్తిగా పొడి చేసేశారు. తిరిగి చూసుకోవడానికి సగం మిగలలేదు. అది చూసైనా అనుమానించవలసింది. షేరు ధర పెరుగుతుంటే ఎవరూ పట్టించుకోలేదు.

2001 నుంచి కెనడాలో నిబంధనలు బిగించారు. అర్హత గల నిపుణుడు బాధ్యత వహించనిదే గని లెక్కలు ప్రకటించరాదు. బంగారం అసలే లేని రాతిని, ఎంత బంగారముందో ముందే తెలిసిన పొడిని నమూనాల మధ్య కలిపి పంపి లేబొరేటరీని పరీక్షించడం నేడు మామూలే.

ఏ ఊరి గని అయినా షేరు కొనబోయేవారు ధర కన్నా ముందు మూడు సంగతులు అడగాలి. నమూనా తీసినదెవరు? సంచికి సీలు వేసినదెవరు? మిగిలిన సగం రాయి ఎక్కడుంది? నిజాయితీగల కంపెనీకి ఈ ప్రశ్నలు బరువు కావు. తవ్వే రాతిలో బంగారం ఉంటే రెండోసారి పరీక్షించినా ఉంటుంది.